మ్యూచువల్

"నాను బతికుండగా ఈ ఇంటికి అప్పు బండి రాదు. ఇంక ఆ మాటెత్తకు," అంది జోగమ్మ, చేపముక్కలకి ఉప్పూ పసుపూ పట్టిస్తూ.

శ్రీనివాస్ ఉప్మా పళ్ళెం పక్కకి తోశాడు. ఒక్క ముద్దైనా ముట్టలేదు.

"అప్పు బండి కాదమ్మా. ఫైనాన్స్. ఈ కరగపూర్‌లో ఎవుడు రొక్కం పెట్టి కొంటన్నాడు? అందరిదీ ఫైనాన్సే!"

"ఫైనాన్సంటే అప్పు కాదేటి? పేరు మారిస్తే ఊరికే ఇచ్చేస్తారేటి?"

"నీకు అర్థం కాదు."

"నాకర్థమైనంత నీకైతే, పిల్ల తండ్రివి, పళ్ళెం మీద అలగవు."

కిటికీ దగ్గర శ్రీనివాస్ అక్క మీనాకుమారి మర్నాడు ఆఫీసుకి కట్టుకెళ్ళే చీర ఇస్త్రీ చేసుకుంటోంది. వారం రోజులుగా ఆ ఇంట్లో బండి గురించి తల్లీ కొడుకూ అరుచుకుంటున్నారు, కోడలు నూకరత్నం గిన్నెలు విసురుతోంది. సంతకం మాత్రం మీనాకుమారిది కావాలి. రైల్వేలో పర్మనెంటు ఉద్యోగం ఆమెది, న్యూ సెటిల్‌మెంటు కాలనీలో ఈ క్వార్టరు ఆమె పేరు మీద ఉంది. అంత కావలసిన మనిషిని పట్టుకుని, "నీకిష్టమేనా?" అని ఒక్కరైనా అడిగారా అంటే, లేదు. అడగాలని కూడా తోచలేదు మహానుభావులకి!

శ్రీనివాస్ బాధ అబద్ధం కాదు. ఊళ్ళోనే, ఇందాలో, ఒక కాంట్రాక్టరు దగ్గర ఎనిమిదేళ్ళు కారు నడిపాడు. ఆయన కారు అమ్మేసి, "ఠీక్ ఆఛే, శ్రీను" అని బెంగాలీలో సరేలే అనేసి, భుజం తట్టి పంపేశాడు. రెండు నెలలుగా టాక్సీ స్టాండులో ఎవడైనా రాని రోజున వాడికి బదులు బండి నడుపుతున్నాడు.

"మొన్న నాకంటే సిన్నోడు, మీసాలు కూడా సరిగ్గా రాలేదు, 'ఏయ్ బద్లీ, ఇటు రా' అని పిలిచినాడమ్మా నన్ను. బద్లీ! నాకు పేరు కూడా లేదు వాడికాడ."

జోగమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కొడుకు ముఖం చూడలేక మళ్ళీ చేపల మీదకి వంగింది.

అప్పుడే గేటు దగ్గర స్కూటరు ఆగింది.

టోని చర్చి నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, తెల్లచొక్కా నలగలేదు. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన కుర్రాడు. ఇందాలో కార్లమ్మే షోరూములో ఫైనాన్సు పనులు చూస్తాడు. ఒట్టి చెడ్డవాడేం కాదు. కాకపోతే ఎదుటివాళ్ళకి కావలసింది తన దగ్గరే ఉందని నమ్మించడం వాడి ఉద్యోగం. ఆ ఉద్యోగం బాగా చేస్తాడు.

"ప్రైజ్ ద లార్డ్ ఆంటీ... సారీ, నమస్తే ఆంటీ. అలవాటైపోయినాది," అని నవ్వుతూ కూర్చుని కాగితాలు బల్ల మీద పరిచాడు. "దీదీ, మీరు ఊఁ అంటే బుధవారానికి బండి గుమ్మంలో ఉంటాది. ముందు కట్టేది దాదాపు ఏమీ లేదు. ఏడేళ్ళు నెలనెలా ఇంత. సీనన్న నాలుగుసార్లు దీఘా బీచికి కిరాయి వెళ్ళొస్తే నెల వాయిదా వచ్చేసినట్టే."

మీనాకుమారి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వచ్చి కూర్చుంది.

"వాయిదా ఇంత తక్కువ ఎలగొచ్చినాది టోనీ?"

"ఆఖరి వాయిదా కొంచెం పెద్దదుంటాది దీదీ."

"ఎంత పెద్దది?"

టోని వేలు పెట్టి చూపించాడు. శ్రీనివాస్ క్యాలెండరు వైపు చూశాడు.

"అంటే ఏడేళ్ళు కట్టినాక మళ్ళీ సగం బండి కొనాల."

"అప్పుడు దానికి మళ్ళీ ఫైనాన్సు చేయించేద్దాం దీదీ. నేనున్నాను గదా!"

"కిరాయికి తిప్పే బండికి పసుపు నంబరు ప్లేటు గదా ఉండాల? ఇక్కడ సొంత బండని రాసి ఉన్నాది."

"పసుపైతే వడ్డీ ఎక్కువ, పర్మిట్టు, పన్ను, చాలా తలనొప్పి. తెల్ల ప్లేటైతే మీరు ఇంటికి కొనుక్కున్నట్టు లెక్క. స్టాండులో సగం మంది అలాగే నడుపుతున్నారు."

"దారిలో ఎవరినైనా గుద్దినాదనుకో. కిరాయికి తిప్పుతున్నారని తెలిస్తే ఇన్సూరెన్సు వాళ్ళు పైసా ఇస్తారా?"

టోని తర్వాతి కాగితం తిప్పాడు.

"కేసు ఎవరి మీద?"

"బండి ఎవరి పేరు మీదుంటే వాళ్ళ మీద దీదీ," అన్నాడు నెమ్మదిగా. అబద్ధం చెప్పలేదు, అదొక్కటీ వాడి పుణ్యం. వెంటనే గొంతు మార్చి, "అలాంటివి ఎందుకవుతాయి? మా వాళ్ళు చూసేది ఒకటే. మీరు ఇక్కడే పర్మనెంటు, క్వార్టరుంది. ట్రాన్స్‌ఫర్ గానీ పెట్టుకుంటే మాత్రం బాకీ మొత్తం ఒక్కసారే కట్టమంటారు. మీకు ఆ బాధ లేదు గదా. దీదీ కరగపూర్ ఒదిలి ఎక్కడికి పోతాది?" అని నవ్వాడు.

శ్రీనివాస్ కూడా నవ్వాడు. మీనాకుమారి నవ్వలేదు.

జోగమ్మ చేతులు కడుక్కొచ్చి మంచం మీద కూర్చుంది. "సాలు బాబూ. ఇన్నాను. తోక సివర రాయి కట్టిన బేరం ఇది. పోలీసోడికి దొరికితే నా కూతురు ఉద్యోగం మీదకొస్తాది. మాకొద్దు. టీ తాగి ఎల్లు."

"అమ్మా!"

"అరవకు. వద్దంటే వద్దు."

అక్కడితో అయిపోవలసిందే. టోని కాగితాలు సర్దుకుంటున్నాడు కూడా. శ్రీనివాస్ మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. వాడి భుజాలు కదులుతున్నాయి. మూడో తరగతిలో తండ్రి పోయినప్పుడు కూడా వాడు ఇలాగే, శబ్దం రాకుండా ఏడ్చాడు.

వంటింటి గుమ్మంలోంచి నూకరత్నం గొంతు వచ్చింది.

"డబ్బుల్లేకనా ఇదంతా? వదినకి మ్యూచువల్ ఉన్నాది గదా!"

అందరూ అటు తిరిగారు. నూకరత్నం పలాస దగ్గర పల్లెనుంచి వచ్చిన పిల్ల. వాళ్ళ వైపు జీడితోటలే గాని రైల్వే ఉద్యోగం చేసినవాళ్ళు ఎవరూ లేరు. నోరు పెద్దదే గాని మనసులో విషం లేదు.

"నువ్వు లోపలికెల్లు," అన్నాడు శ్రీనివాస్.

"ఏల ఎల్లాల? నిన్న పంపు కాడ ఫోన్లో సెప్తన్నాది, నా సెవులతో ఇన్నాను. 'మ్యూచువల్ అయిపోయినట్టే, ఇంక ఆర్డరే రావాల' అని. టీవీలో రోజూ సూపిస్తన్నారు, మ్యూచువల్లో పెడితే డబ్బులు పెరుగుతాయని. మనమేమో వాయిదాలకి దేవుళ్ళాడుతున్నాం, వదినేమో గుట్టుగా దాసుకుంటన్నాది!"

"అప్పా, నిజమేనా?" శ్రీనివాస్ అక్క వైపు తలెత్తాడు. ముఖం తడిగా ఉంది. "నా దగ్గర దాసినావా? నాను అడిగితే తినేస్తాననా? అంత పరాయోడినైపోయినానా?"

డబ్బు కాదని మీనాకుమారి చెప్పాలంటే అదేమిటో చెప్పాలి. చెప్పడానికి ఆదివారం సాయంకాలం మంచిదనుకుంది. కాదు, వచ్చే ఆదివారం మంచిదనుకుంది. నిజానికి ఏ రోజూ మంచిదనిపించక నాలుగు నెలలుగా వాయిదా వేస్తూ వచ్చింది.

జోగమ్మ కూతురి వైపే చూస్తోంది.

"ఎవరితోటి?" అంది.

"మ్యూచువల్ ఎవరితోటి పెడతారమ్మా? బ్యాంకులో పెడతారు," అన్నాడు శ్రీనివాస్ విసుగ్గా.

జోగమ్మ వాడి మాట వినిపించుకోలేదు. "నిన్నే మీనా. ఎవరితోటి?"

జోగమ్మ రైల్వే వాడి భార్య. పెళ్ళయి వచ్చిన నాటినుంచి ఈ క్వార్టర్ల మధ్యే బతికింది. అరుగుల మీద ఎంతమంది ఆ మాట చెప్పుకుంటుంటే వినలేదు! రైల్వేలో ఆ మాటకి ఒకటే అర్థం. అక్కడ పనిచేసేవాళ్ళొకరు, ఇక్కడివాళ్ళొకరు, ఇద్దరూ ఒప్పుకుని ఒకరి చోటికి ఒకరు బదిలీ అవడం. దానికి డబ్బక్కర్లేదు. అవతల ఒక మనిషి కావాలి.

"దేవమణి అని. వాల్తేరు ఆఫీసులో," అంది మీనాకుమారి. "వాళ్ళాయన ఇక్కడ వర్క్‌షాపులో..."

"ఓహో," అంది జోగమ్మ.

ఒళ్ళో చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తూ కూర్చుంది. టోని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. వాడిది ట్రాఫిక్ కాలనీ, వాడికి కొంత అర్థమై ఉండాలి. శ్రీనివాస్‌కి మాత్రం ఏమీ అర్థం కాలేదు. వాడి బుర్రలో బండి తప్ప ఇంకొకటి దూరే చోటు లేదు ఆ పూట.

జోగమ్మ తలెత్తింది.

"కూకో బాబూ," అంది టోనితో. "ఆ కాగితాలు మళ్ళీ తియ్యి. సంతకం ఎక్కడ పెట్టాలో దానికి సూపించు."

"అమ్మా?" శ్రీనివాస్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

"తమ్ముడు గదా. ఆడికి మనం కాకపోతే ఎవరు సేస్తారు? పెట్టే మీనా. సంతకం పెట్టు."

మీనాకుమారి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఒక్క నిమిషం ఆగి జోగమ్మ కూడా వెళ్ళింది. నూకరత్నాన్ని బయటికి పంపి తలుపు దగ్గరగా వేసింది.

"ఇప్పుడే గదా వద్దన్నావు? రాయి కట్టిన బేరమన్నావు," అంది మీనాకుమారి.

"అన్నాను."

"మరి?"

జోగమ్మ పొయ్యి మీద మూకుడు పెట్టింది. నూనె పొయ్యలేదు.

"ఆ అనిల్ కుమారేనా?"

"ఆఁ."

"రెండేళ్ళయినాది గదా ఎల్లిపోయి. మర్చిపోయినావనుకున్నాను."

"నువ్వు అనుకోవాలనుకున్నావు."

మీనాకుమారి మనసుపడ్డ ఆ అనిల్ కుమార్, వాల్తేరు వెళ్ళకముందు ఒకే ఒక్కసారి ఈ ఇంటికి వచ్చాడు. భార్య పోయిన మనిషి, నెమ్మదస్తుడు. జోగమ్మ టీ ఇచ్చింది, బిస్కట్లు పెట్టింది, వాళ్ళ మతం వేరైనా దాని గురించి ఒక్క మాటైనా అనలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, "దీని జీతం మీదే మేమందరం బతుకుతున్నాం బాబూ," అంది. అతను మళ్ళీ గుమ్మం తొక్కలేదు. ఇంతకంటే మర్యాదగా ఒక మనిషిని ఎవరూ గెంటలేరు.

"ఆర్డరొస్తే ఈ క్వార్టరు ఒగ్గెయ్యాల," అంది జోగమ్మ.

"ఇందాలో ఇల్లు చూస్తాను. అద్దె నేనే పంపుతాను. నువ్వు నాతో రా."

"కూతురి కాపరంలో మూల కూకోడానికా?"

"మూల ఎందుకు? అతనే అడిగినాడు, మీ అమ్మగారిని తీసుకురా అని."

"మంచోడే. నానేం కాదన్నానా?" జోగమ్మ మోకాలు పట్టుకుంది. "నువ్వెల్లిపోతే నా సంగతేటే? సీనుగాడు మంచోడే, గానీ ఆడికి నా మోకాళ్ళ నొప్పి తెలవదు. రత్నం కాదనదు, గానీ నాను అడగలేను. నువ్వు ఆఫీసునుంచొచ్చి గేటు తీసిన సప్పుడినకపోతే నాకు అన్నం దిగదు."

"అందుకని సంతకమా? నన్ను కట్టెయ్యడానికా?"

"అవునే. కట్టెయ్యడానికే!" అంది జోగమ్మ. దాచలేదు. "ఏడేళ్ళంటే ఎంతలో తిరుగుతాయి? అప్పటికి నానుండను. అప్పుడెల్లు."

మీనాకుమారి గోడకి ఆనుకుంది.

"అప్పటికి నాకు యాభై దగ్గర పడతాయమ్మా."

"తెలుసు."

"అతను ఉంటాడా అప్పటిదాకా?"

జోగమ్మ ఖాళీ మూకుడు కింద మంట కట్టేసింది.

"నాన్న పోయినప్పుడు నాకు పంతొమ్మిది. ఇరవై రెండేళ్ళు చేసినాను. ప్రతి నెలా ఒకటో తారీకున నీ చేతిలో పెట్టినాను. ఇప్పటికీ నువ్వు దాన్ని ఏటంటావు? నాన్న జీతం అంటావు. 'మీ నాన్న జీతం పడినాదా?' అని అడుగుతావు. నాది అని ఎప్పుడైనా అన్నావా?"

"ఉద్యోగం ఆయన పోతేనే గదే వచ్చినాది..."

"పోయినాడు, వచ్చినాది. పరీక్షలు రాసి గుమాస్తా అయినది నేను. రాత్రి డ్యూటీలు చేసినది నేను. అదంతా కూడా నాన్నేనా చేసినాడు?"

జోగమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. ఆమె ఏడుపు బయటికి వినపడకుండా ఏడవడం ఎన్నడో నేర్చుకుంది. ఈ ఇంట్లో అందరికీ అదే విద్య. మీనాకుమారి ఒక్క అడుగు ముందుకేసి ఆగిపోయింది. దగ్గరకి తీసుకుంటే సంతకం పెట్టేస్తానని ఆమెకి తెలుసు. అందుకే తీసుకోలేదు.

"సీనుకి చెప్తాను. వాడు అర్థం చేసుకుంటాడు. నా చేతుల్లో పెరిగినాడు," అంది.

"సెప్పకే."

"చెప్తాను."

ఆమె బయటికి వచ్చేసరికి శ్రీనివాస్ కాగితాలు వరసగా పేర్చి, పెన్ను మూత తీసి సిద్ధంగా పెట్టాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ముఖంలో రెండు నెలలుగా లేని వెలుగు వచ్చింది.

"సీనూ, మ్యూచువల్ అంటే డబ్బులు కాదురా."

"మరేటి?"

"ట్రాన్స్‌ఫరు. నేను వాల్తేరు వెళ్ళిపోతున్నాను. అనిల్ కుమార్‌ని పెళ్ళి చేసుకుంటున్నాను."

నూకరత్నం "ఓలమ్మో!" అని చెంపలు వాయించుకుంది. "నానేటో అనుకున్నాను వదినా..." అని గోడ పక్కకి జరిగిపోయింది.

మీనాకుమారి తమ్ముడి ముఖమే చూస్తూ నిలబడింది. తిడతాడేమో అనుకుంది. వెళ్ళొద్దప్పా అని కాళ్ళు పట్టుకుంటాడేమో అనుకుంది. ఇన్నాళ్ళకా అప్పా, మంచిపని చేశావు, అంటాడేమోనని కూడా లోపలెక్కడో ఆశపడింది. వీపు మీద మోసి బడికి తీసుకెళ్ళిన పిల్లాడు. టైఫాయిడ్ వస్తే పదిరోజులు ఆసుపత్రి నేల మీద వాడి మంచం కింద పడుకుంది. ఏదో ఒకటి అంటాడు.

శ్రీనివాస్ టోని వైపు తిరిగాడు.

"టోనీ, ఆర్డరు చేతికి రాకముందే లోను పాసైపోతే? అప్పుడు మీ వాళ్ళకి ఎలగ తెలుస్తాది?"

టోని కాగితాల మీదనుంచి చెయ్యి తీసేశాడు. "సీనన్నా, అలా కాదు..."

"కాదంటే? బుధవారానికి బండొచ్చేస్తాదన్నావు గదా. ఆర్డరు ఇంకా రాలేదు గదా."

"తర్వాత తెలిస్తే మొత్తం దీదీ నెత్తిన పడతాది అన్నా."

"నాను కట్టుకుంటాను. అప్ప పేరు కాయితం మీదే గదా ఉంటాది." అప్పుడు తిరిగాడు మీనాకుమారి వైపు. "ఎల్లేలోగా సంతకం పెట్టేసి ఎల్లప్పా. పెళ్ళి సేసుకో, నానేం అడ్డు సెప్పను."

వాడు మనసారా అన్నాడు. పెద్ద మనసుతో అంటున్నాననే అనుకున్నాడు. అదే ఆమెకి తగలరాని చోట తగిలింది. ఎక్కడికి వెళ్తావు, ఎలా ఉంటావు, అతను బాగా చూసుకుంటాడా, ఏమీ లేదు. వెళ్ళేలోగా. అంతే. మీనాకుమారి కుర్చీ వీపు పట్టుకుంది.

వంటింటి తలుపు తెరుచుకుంది.

జోగమ్మ గుమ్మంలో నిలబడి కొడుకుని చూస్తోంది. అలా చూడడం శ్రీనివాస్ ఎన్నడూ ఎరగడు.

"ఏటమ్మా? నానేం తప్పన్నాను?"

ఆమె మోకాలి మీద చెయ్యి పెట్టుకుని నడుచుకుంటూ బల్ల దగ్గరకొచ్చింది. కాగితాలన్నీ పోగు చేసి టోని చేతిలో పెట్టింది.

"ఎల్లు బాబూ. మళ్ళీ రాకు."

"అమ్మా, నా బతుకేటి?" శ్రీనివాస్ లేచి నిలబడ్డాడు. "ఆళ్ళ బండి, ఈళ్ళ బండి తోలుకుంటూ నాను ఎన్నాళ్ళు? నాకెవరున్నారు?"

స్కూటరు వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది. శ్రీనివాస్ చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాటి వెళ్ళిపోయాడు. "ఏవండీ, ఏవండీ!" అంటూ నూకరత్నం పిల్లని చంకనేసుకుని వెనకాల పరిగెత్తింది.

తల్లీ కూతుళ్ళిద్దరే మిగిలారు.

జోగమ్మ కూతురి ముఖం రెండు చేతులతో పట్టుకుంది. ఆ చేతులకి ఇంకా చేపల వాసన వస్తోంది.

"ఎల్లిపోవే తల్లీ. ఆర్డరు కోసం కూడా సూడకు. సెలవెట్టేసి ఎల్లిపో. ఆడు సంతకం కోసం మళ్ళీ అడుగుతాడు. నాను కూడా అడుగుతాను. రేపు పొద్దున్న లెగిస్తే నాకు మళ్ళీ బుద్ధి మారిపోద్ది. బేగి ఎల్లిపో."

"నువ్వు?"

"నా సంగతి నీకేల? ఎల్లమంటన్నాను గదా!" అని కసిరి, అంతలోనే కూతురి భుజం మీద తల వాల్చేసింది. ఆ మనిషి ఎంత తేలికైపోయిందో మీనాకుమారికి అప్పుడే తెలిసింది.

ఆమె తల్లి వీపు చుట్టూ చేతులు వేసింది. ఎటూ కదల్లేదు. నాలుగు నెలలుగా రాత్రీ పగలూ ఆలోచించి, అమ్మ వద్దంటే ఏం చెప్పాలో ప్రతి మాటా కూడబెట్టుకుంది. అమ్మ వెళ్ళమంటే ఏం చెయ్యాలో మాత్రం ఒక్కసారి కూడా ఆలోచించుకోలేదు.